పేరు కింద నాలుగు ముక్కలు

వ్యాసం మూడు రోజుల్లో రాసేసే మనవాళ్ళు, దాని కింద "రచయిత గురించి" అని నాలుగు లైన్లు రాయమంటే మాత్రం మూడు వారాలు చేస్తారు. చివరికి పంపేది కూడా ఏంటయ్యా అంటే, రెజ్యూమె లోంచి కోసిన ముక్కో, లేకపోతే "సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, కాఫీ ప్రియుడు, నిత్య విద్యార్థి" అన్న మూడు మాటలో. మొదటిది చదివితే ఈయనకి ఉద్యోగం ఇప్పించాలేమో అనిపిస్తుంది. రెండోది చదివితే కాఫీ ఇప్పించాలేమో అనిపిస్తుంది. రాసినాయన మాట నమ్మొచ్చా లేదా అన్నది మాత్రం రెండిట్లోనూ తేలదు.

దీనికి కారణం లేకపోలేదు. మా తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు పుట్టి పెరిగినవాళ్ళకి చిన్నప్పట్నించీ తెలిసిన పరిచయాలు మూడే. ఒకటి పెళ్ళి బయోడేటా: ఎత్తు, రంగు, గోత్రం, ప్యాకేజీ, పొలం ఎన్ని ఎకరాలు. రెండు, ఉద్యోగం రెజ్యూమె: తెలిసినవీ తెలియనివీ కలిపి ఇరవై టెక్నాలజీలు. మూడు, సెంటర్లో కట్టే ఫ్లెక్సీ: "ప్రముఖ", "యువ కెరటం", "బహుముఖ ప్రజ్ఞాశాలి". మూడూ ఏదో ఒకటి అడగడానికి పుట్టినవే. ఒకటి సంబంధం అడుగుతుంది, ఒకటి జీతం అడుగుతుంది, ఒకటి ఓటు అడుగుతుంది.

వ్యాసం కింద పరిచయం ఏమీ అడగడానికి కాదు. అది పాఠకుడు మనసులో అడిగే ప్రశ్నకి జవాబు. ఆ ప్రశ్న ఇది: "ఈ విషయం గురించి ఈ మనిషి మాట నేనెందుకు వినాలి? రేపు ఇందులో తప్పు తేలితే ఎవర్ని అడగాలి?" ఈ రెండిటికీ జవాబుంటే అది మంచి పరిచయం, రెండు లైన్లున్నా సరే. లేకపోతే పేజీ నిండా రాసినా దండగే. నేను చెప్పదలుచుకున్నది ఇంతే. ఇది చిన్న విషయం ఎందుకు కాదో చెప్పడానికే ఈ మిగతా అంతా.

పరిచయం లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి మా తెనాలినే ఉదాహరణగా తీసుకోవచ్చు. 1947 జులైలో మద్రాసులో చందమామ మొదలైంది. బి.నాగిరెడ్డి గారితో కలిసి దాన్ని పెట్టిన చక్రపాణి గారిది తెనాలి. 1952 నుంచి 1980లో పోయేదాకా ఆ పత్రికని దగ్గరుండి నడిపించిన కొడవటిగంటి కుటుంబరావు గారిది తెనాలి. అదే 1952లో చేరి యాభై ఏళ్ళకి పైగా అక్కడే పనిచేసిన దాసరి సుబ్రహ్మణ్యం గారిదీ తెనాలి ప్రాంతమే. మొదటి ఇద్దరి పేర్లూ సినిమాలు, సాహిత్యం వల్ల అందరికీ తెలుసు. మూడో పేరు?

తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం... ఈ పేర్లు వింటే ఒక వయసు దాటిన తెలుగువాళ్ళకి ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఆ సీరియళ్ళన్నీ రాసింది దాసరి గారు. కానీ అవి చందమామలో వస్తున్నన్నాళ్ళూ వాటి మీద ఆయన పేరు లేదు. బొమ్మల్లో ఒక మూల "చిత్ర" అన్న సంతకం ఉండేది కాబట్టి బొమ్మలు వేసినాయన పేరు పిల్లలకి కూడా తెలుసు. కథ రాసినాయన పేరు ఆ పిల్లలు పెద్దవాళ్ళయి, వాళ్ళ పిల్లలకి అవే కథలు చెప్పేటప్పటికి కూడా తెలీదు. అభిమానులు పాత సంచికలు పోగేసుకుని, ఎవరు రాశారని ఆరా తీసుకుంటూ పోతే, ఆయన పేరు మామూలు పాఠకుల దాకా వచ్చేసరికి ఆయనకి డెబ్భై దాటాయి. 2010 జనవరిలో ఆయన పోయారు. తరవాత ఆ సీరియళ్ళు ఆయన పేరుతో పుస్తకాలుగా కూడా వచ్చాయి.

ఇందులో ఎవరో కుట్ర చేశారని కాదు. అది ఆ పత్రిక పద్ధతి. జీతానికి పనిచేసే ఉద్యోగి రాసింది సంస్థదే అన్న లెక్క. కానీ ఇది చదువుతున్న మీరు కూడా జీతానికి పనిచేసే ఉద్యోగులే కదా? మీ కంపెనీ సైట్లో మీరు రాసిన వ్యాసం కింద ఏముంది? "ఇంజనీరింగ్ టీమ్" అని ఉంటుంది. లేకపోతే "అడ్మిన్" అని ఉంటుంది. ప్రొడక్షన్‌లో డేటాబేసు కూలిపోతే మూడు రాత్రులు కూర్చుని బాగుచేసి, ఎందుకు కూలిందో పదిమందికీ అర్థమయ్యేలా రాసింది మీరు. ఐదేళ్ళ తరవాత మీరు వేరే చోటికి వెళ్ళి "అది నేనే రాశాను" అంటే నమ్మడానికి ఏ ఆధారమూ ఉండదు. దాసరి గారికి కనీసం అభిమానులున్నారు. మన డేటాబేసు వ్యాసాలకి పాత సంచికలు పోగేసే అభిమానులు ఎవరూ రారు :-)

ఇక రెండో వైపు చూద్దాం. పేరూ పరిచయమూ ఉండి, మనిషే లేకపోతే? 2023 నవంబరులో అమెరికాలో అదే జరిగింది. స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ అని దశాబ్దాల పేరున్న పత్రిక. దాని వెబ్‌సైట్లో కొన్ని వస్తువుల సమీక్షలు రాసిన "రచయితలు" అసలు ఎక్కడా లేరని ఫ్యూచరిజమ్ అనే సైటు బయటపెట్టింది. వాళ్ళ ఫోటోలు కంప్యూటర్ తయారుచేసిన మొహాలు అమ్మే చోట దొరికాయి. ప్రతి ఒక్కరికీ చక్కటి పరిచయం కూడా ఉంది. ఒకాయనకి ఆరుబయట గడపడమంటే ప్రాణమట! ఆ వ్యాసాలు బయటి కంపెనీ నుంచి వచ్చాయని చెప్పి ప్రచురణకర్తలు వాటిని తీసేశారు.

ఆ దొంగ పరిచయాల్లో గమనించాల్సింది ఒకటుంది. అవి నమ్మబుద్ధి అయ్యేలానే ఉన్నాయి, ఎందుకంటే మనం రాసుకునే పరిచయాలు కూడా అచ్చం అలాగే ఉంటాయి. ప్రయాణాలంటే ఇష్టం, కొత్త విషయాలు నేర్చుకోవడం ఇష్టం, ఖాళీ దొరికితే సంగీతం వింటారు. లేని మనిషికి కూడా సరిపోయే పరిచయం ఉన్న మనిషికి ఎందుకు పనికొస్తుంది? ఇప్పుడు ఏ విషయం మీదైనా వ్యాసం అరనిమిషంలో మెషీను రాసిచ్చేస్తోంది, పరిచయం కూడా అదే రాసిస్తుంది. కాబట్టి మన పరిచయంలో ఉండాల్సింది మెషీను ఊహించి రాయలేనిది, పాఠకుడు కావాలంటే వెళ్ళి సరిచూసుకోగలిగినది. అలాంటిది కనీసం ఒక్కటి. ఫలానా ప్రాజెక్టులో నేను రాసిన ఫలానా భాగం ఇదిగో. ఫలానా సంవత్సరం ఫలానా సదస్సులో దీని మీద మాట్లాడాను. ఇలాంటి ఒక్క వాక్యం పది విశేషణాలతో సమానం.

క్లుప్తంగా, నిజంగా, సరిచూసుకునేలా చెప్పడం ఎలాగో బియ్యం బస్తాని చూసి నేర్చుకోవచ్చు. కొట్టుకెళ్ళి "బీపీటీ ఉన్నాయా?" అని అడుగుతాం. బీపీటీ అంటే ఏంటో చాలామందికి పట్టదు. బాపట్లకి మూడక్షరాల పొట్టిపేరు అది. బాపట్లలో తయారై 1986లో విడుదలైన సాంబ మసూరి వరికి బీపీటీ 5204 అని నంబరిచ్చారు. అలాగే ఎమ్‌టీయూ అని ఉంటే పశ్చిమగోదావరి మార్టేరు కేంద్రం నుంచి వచ్చిన వంగడం అని అర్థం. "ప్రముఖ", "అత్యుత్తమ" ఏమీ లేవు. ఎక్కడ పుట్టింది, ఎన్నో నంబరు, అంతే. తేడా వస్తే ఎవర్ని అడగాలో కూడా అందులోనే ఉంది. ఒక వరి వంగడానికున్నపాటి నిజాయితీ గల పరిచయం మన వ్యాసాలకి లేకపోతే ఎలా చెప్పండి?

సరే, ఏం రాయాలి, ఏం వదిలెయ్యాలి అన్న దగ్గరికొద్దాం. ఇక్కడ మనవాళ్ళు చేసేదేంటంటే, ఒకసారి ఒక పరిచయం రాసుకుని పదేళ్ళు అన్ని వ్యాసాల కిందా అదే అంటిస్తారు. పరిచయం మనిషికి కాదు, మనిషికీ ఆ వ్యాసానికీ మధ్య ఉన్న సంబంధానికి. అందుకని విషయం మారితే పరిచయం మారాలి.

కుటుంబరావు గారినే తీసుకోండి. ఆయన కథలు రాశారు, నవలలు రాశారు, సినిమాల గురించి రాశారు, సైన్సు వ్యాసాలూ రాశారు. సైన్సు వ్యాసం కింద ఆయన గురించి ఒక్క లైనే రాయాలంటే, భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ చదవడానికి బెనారస్ వెళ్ళారన్నది రాయాలి. పిల్లల కథ కింద అయితే చందమామ సంగతి రాయాలి. కిందది పైన, పైది కింద పెడితే రెండూ నిజమే గానీ రెండూ పనికిరావు. ఆయన కొడుకు రోహిణీప్రసాద్ గారు (1949-2012) ముంబయిలో భాభా అణుపరిశోధన కేంద్రంలో పనిచేసిన శాస్త్రవేత్త, సితార్ వాయించేవారు, ఇంటర్నెట్ పత్రికల్లో తెలుగులో సైన్సు గురించీ సంగీతం గురించీ బోలెడు రాశారు. అణువుల గురించి చదివేవాడికి ఆయన సితార్ ఒక ముచ్చట, అణుపరిశోధన కేంద్రం ఒక భరోసా. రాగాల గురించి చదివేవాడికి సరిగ్గా తిరగబడుతుంది. అదే మనిషి, రెండు పరిచయాలు, రెండూ నిజాలే.

మనకి కూడా ఇదే. మీరు పన్నెండేళ్ళుగా బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తున్నారు. యూపీఐ లావాదేవీలు ఎందుకు మధ్యలో ఆగిపోతాయో రాస్తే, ఆ పన్నెండేళ్ళూ మొదటి వాక్యంలో ఉండాలి. అదే మీరు తెనాలి నాటకాల గురించి రాస్తే ఆ పన్నెండేళ్ళ గొడవ అక్కర్లేదు. "ముప్ఫై నాటకాలు చూశాను, రెండిట్లో వేషం కట్టాను" అంటే చాలు. చూసింది ముప్ఫై అయితే ముప్ఫై అనే చెప్పాలి, "నాటకరంగ విశ్లేషకుడు" అనకూడదు. పాఠకుడు అమాయకుడు కాదు, ప్రేక్షకుడి మాట కూడా వింటాడు. ప్రేక్షకుడినని చెప్పి మాట్లాడితే.

ఊరి పేరు రాయాలా వద్దా అన్నది ఇంకో మీమాంస. మనలో చాలామంది బాపట్లలో ఇంజనీరింగ్ చదివి, హైదరాబాదులో నాలుగేళ్ళు చేసి, డల్లాస్ వెళ్ళాక పరిచయంలో డల్లాస్ ఒక్కటే మిగులుస్తారు. అందులో తప్పేం లేదు, క్లౌడ్ గురించి రాసేటప్పుడు ఏ ఊరైనా ఒకటే. కానీ ఊరే ఆధారమయ్యే విషయాలు కొన్నుంటాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. రేపల్లెకి కృష్ణ అవతల దివిసీమ, 1977 నవంబరు 19న ఉప్పెన మింగేసిన నేల. తుఫాను హెచ్చరికల యాప్ ఎలా ఉండాలి అన్న వ్యాసాన్ని రేపల్లె కుర్రాడు రాస్తే, "మా ఇంట్లో పెద్దవాళ్ళు 77 ఉప్పెన చూసినవాళ్ళు" అన్న ముక్క అతని సర్టిఫికెట్లన్నిటికన్నా బరువైంది. కరెంటు పోయాక, ఫోన్లో ఛార్జింగు పది శాతం ఉన్నప్పుడు, ముసలమ్మకి ఆ మెసేజి ఎలా కనపడాలో అతనికి తెలిసుండే అవకాశం ఎక్కువ. ఆ ముక్క వదిలేసి "సీనియర్ ఆర్కిటెక్ట్, డల్లాస్" అని రాయడం తన చేతిలో ఉన్న ఒకే ఒక్క మంచి సాక్ష్యాన్ని తనే దాచేసుకోవడం.

ఊరు రాస్తే మాత్రం బయటివాడికి అర్థమయ్యేలా రాయండి. రేపల్లె అంటే తెలియనివాళ్ళు కృష్ణుడి రేపల్లె అనుకుంటారు. తెనాలి అని వెతికితే ముందు రామకృష్ణుడొస్తాడు. బాపట్ల ఊరి పేరే కాదు, ఇంటిపేరు కూడా. "కృష్ణా డెల్టాలోని రేపల్లె" అంటే గోల వదిలిపోతుంది. జిల్లా పేరు రాసేవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలొచ్చాక రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. "గుంటూరు జిల్లా రేపల్లె" అని ఇప్పటికీ కనపడే పరిచయాలన్నీ ఎన్నేళ్ళుగా ఎవరూ ముట్టుకోలేదో అవే చెప్పేస్తున్నాయి.

పాతబడటం అన్నది పరిచయానికి పెద్ద రోగం. "పదేళ్ళ అనుభవం" అని రాస్తే అది రాసిన రోజు ఒక్కటే నిజం. "2009 నుంచి" అని రాస్తే ఎప్పటికీ నిజం. "ప్రస్తుతం" అన్న మాట వాడితే పక్కన సంవత్సరం పెట్టండి. ప్రోగ్రాములో నంబర్లు హార్డ్‌కోడ్ చెయ్యకూడదని జూనియర్లకి క్లాసు పీకే మనమే పరిచయంలో వయసూ అనుభవమూ హార్డ్‌కోడ్ చేసి కూర్చుంటాం.

పేరు దగ్గర ఇంకో తిరకాసు. చక్రపాణి గారి అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. తెనాలి బజార్లో నిలబడి "సుబ్బారావు గారూ" అని పిలిస్తే ఎంతమంది తిరిగి చూస్తారో మీకు చెప్పక్కర్లేదు. చక్రపాణి అంటే ఒక్కడే. కలం పేరుకి ఉన్న లాభం అది. నష్టం ఏంటంటే, అసలు పేరుతో ఒకచోటా కలం పేరుతో ఇంకోచోటా రాస్తే ఇద్దరూ ఒకరేనని ఎక్కడో ఒకచోట చెప్పి తీరాలి. మన ఇంజనీర్లకి కలం పేరు లేకుండానే ఈ అవస్థ ఉంది. ఇంట్లో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో వెనక. ఒక వ్యాసంలో మూడు ఇనిషియల్సు, ఇంకో దాంట్లో పూర్తి పేరు. ఇంగ్లీషులో లక్ష్మి అన్న పేరుకే ఆఖరి అక్షరం రెండు రకాలు. వెతికేవాడికి మీరు నలుగురు మనుషులు. ఒక రూపం ఎంచుకుని అన్నిచోట్లా అదే వాడండి. పరిశోధన పత్రాలు రాసేవాళ్ళకి 2012 నుంచి ఆర్కిడ్ అని పదహారు అంకెల గుర్తింపు నంబరు ఉచితంగా ఇస్తున్నారు, సరిగ్గా ఈ సమస్య కోసమే. బీపీటీ 5204 లాంటిదే అనుకోండి, మనుషులకి.

ఇప్పుడు భాష దగ్గరికి వద్దాం, ఎందుకంటే తెలుగులో రాసేవాళ్ళకి ఉన్న ఇబ్బంది ఇంగ్లీషులో రాసేవాళ్ళకి లేదు. ఇంగ్లీషు పరిచయం ప్రథమ పురుషలో రాయడం రివాజు. ఆ భాషలో క్రియకి మర్యాద గోల లేదు. అదే తెలుగులో రాస్తే? "ఈయన హైదరాబాదులో పనిచేస్తున్నారు" అని నా గురించి నేనే రాసుకుంటే నాకు నేనే "గారు" పెట్టుకున్నట్టు. "పనిచేస్తున్నాడు" అని రాస్తే ఎవరో నన్ను తిడుతున్నట్టు. అందుకే చాలా తెలుగు పరిచయాలు చదువుతుంటే అద్దంలో తనకి తనే దండ వేసుకుంటున్న మనిషి కనపడతాడు. దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, హాయిగా "నేను" అని రాసుకోవడం. రెండు, క్రియ లేకుండా రాయడం. తెలుగులో ఉన్న గొప్ప సౌకర్యం ఇది: "పుట్టింది రేపల్లె. చదువు బాపట్లలో. 2009 నుంచి పని డేటాబేసులతో." ఇందులో గారూ లేదు, గాడూ లేదు. గొప్పా లేదు, తక్కువా లేదు.

గొప్ప చెప్పుకోవడం కన్నా మనలో ఎక్కువమందికున్న జబ్బు వినయం. "నా గురించి చెప్పుకునేంత ఏముందండీ" అంటారు. ఇది వినయంలా కనపడుతుంది గానీ, ఆలోచిస్తే పాఠకుడి మీద పని పడెయ్యడమే. "నేనెవరో నువ్వే కనుక్కో, నా మాట మాత్రం నమ్ము" అన్నట్టు. మీకు తెలిసిందేంటో చెప్పడం గొప్ప కాదు. మీకు తెలియనిది కూడా తెలిసినట్టు చెప్పడం గొప్ప. ఈ రెండిటికీ మధ్య గీత చాలా స్పష్టంగానే ఉంటుంది.

అందరూ వదిలేసేదీ, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇంకోటుంది. మీకు ఈ విషయంలో లాభం ఏంటి? ఒక క్లౌడ్ కంపెనీ డేటాబేసు భలే ఉందని వ్యాసం రాసి, అదే కంపెనీలో మీరు పనిచేస్తున్న సంగతి చెప్పకపోతే, వ్యాసంలో ప్రతి అక్షరం నిజమైనా సరే పాఠకుడు మోసపోయినట్టే. "ఈ అభిప్రాయాలు నా సొంతం, మా కంపెనీవి కావు" అన్న మంత్రం దీనికి సరిపోదు. అది మిమ్మల్ని మీ కంపెనీ నుంచి కాపాడుతుంది, పాఠకుణ్ణి మీ నుంచి కాపాడదు. "ఈ వ్యాసంలో చెప్పిన సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీలో ఉద్యోగిని" అని ఒక్క వాక్యం రాయండి. అది రాస్తే విలువ తగ్గుతుందని భయం. నిజానికి పెరుగుతుంది. చెప్పకుండా దాచి, తరవాత ఎవరో బయటపెడితే అప్పుడు తగ్గుతుంది, ఆ ఒక్క వ్యాసానికే కాదు, మీరు రాసిన అన్నిటికీ.

చెప్పకూడనివి కూడా ఉన్నాయి. ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు, పిల్లల బడి పేరు.. ఇవి పాఠకుడికి అక్కర్లేదు. ముఖ్యంగా ఆడవాళ్ళు రాసినప్పుడు ఈ వివరాలు పట్టుకుని వేధించేవాళ్ళుంటారు. వ్యాసాల కోసమే ఒక మెయిల్ ఐడీ పెట్టుకుంటే చాలు. భయం ఉంటే కలం పేరుతో రాయండి, తప్పులేదు. ఆ కలం పేరు స్థిరంగా ఉంచండి, దాని కింద మీ అనుభవం నిజంగా ఎంతో అంతే రాయండి. మనిషి కనపడకపోయినా మాటకి జవాబుదారీ కనపడితే చాలు.

"రాసింది చూడాలి గానీ రాసినవాణ్ణి చూడటం ఎందుకు?" అనేవాళ్ళుంటారు. వాళ్ళ వాదన కొట్టిపారేసేది కాదు. పెద్ద కంపెనీ పేరు చూసి చెత్త వ్యాసాన్ని నెత్తిన పెట్టుకోవడం, పేరు తెలియని ఊరి కాలేజీ చూసి మంచి వ్యాసాన్ని పక్కన పెట్టెయ్యడం రోజూ చూస్తున్నదే. కథకి, కవితకి ఆ వాదన బాగా సరిపోతుంది. తోకచుక్క ఎవరు రాశారో తెలీకపోయినా పిల్లలకి ఆనందం తగ్గలేదు. కానీ మందుల గురించి, పెట్టుబడుల గురించి, వీసా నియమాల గురించి, రేపు ప్రొడక్షన్‌లో రన్ చెయ్యబోయే కమాండ్ గురించి రాసినప్పుడు, అందులో ఉన్నది నిజమో కాదో తేల్చుకునే శక్తి పాఠకుడికి ఉంటే అసలా వ్యాసం చదవడు కదా? తెలియకే చదువుతున్నాడు. తెలియనివాడికి రాసినవాడెవడో చెప్పకుండా "రాసింది చూసి నువ్వే తేల్చుకో" అనడం న్యాయం కాదు. పేరు తెలియని కాలేజీ సమస్యకి మందు కూడా పరిచయం తీసెయ్యడం కాదు. కాలేజీ పేరు కన్నా చేసిన పని ముందు రాయడం.

ఇదంతా కలిపి ఒక ఊహాజనిత రేపల్లె ఇంజనీరుకి అన్వయిద్దాం. ఇప్పుడాయన పరిచయం ఇలా ఉంది: "ఐటీ రంగంలో పదిహేనేళ్ళ విశేష అనుభవం కలిగిన వీరు ప్రముఖ బహుళజాతి సంస్థలో ఉన్నత పదవిలో ఉన్నారు. పుస్తక పఠనం, ప్రయాణాలు వీరి అభిరుచులు." ఆయన రాసిన వ్యాసం రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ కొలిచే సెన్సర్ల గురించి. మారిస్తే ఇలా ఉంటుంది: "పుట్టింది కృష్ణా డెల్టాలోని రేపల్లె. 2010 నుంచి పని సెన్సర్ల సాఫ్ట్‌వేర్ మీద. ఈ వ్యాసంలో చెప్పిన పరికరాన్ని మా బాబాయి చెరువులో రెండు పంటలు నడిపి చూశాను. దాన్ని అమ్మే కంపెనీతో నాకు సంబంధం లేదు. లెక్కల్లో తప్పు కనపడితే మెయిల్ చెయ్యండి." పొడవు పెద్దగా పెరగలేదు. కానీ రెండోది చదివిన రైతు ఫోను తీసి కొడుకుని అడుగుతాడు, "ఒరే, ఈ కుర్రాడికి ఒకసారి రాసి కనుక్కో, చలికాలంలో కూడా పనిచేసిందా అని." మొదటిది చదివిన రైతు ఏం చేస్తాడు? దణ్ణం పెట్టి పేజీ తిప్పుతాడు.

మీరు టీమ్ లీడో మేనేజరో అయితే ఇంకో పని కూడా మీదే. మీ కంపెనీ సైట్లో "టీమ్" పేరుతో ఉన్న వ్యాసాలు ఎవరెవరు రాశారో ఇప్పటికీ మీకు గుర్తే. వాళ్ళని అడిగి, ఒప్పుకుంటే పేర్లు పెట్టించండి. ఒక్క మెయిల్‌తో అయ్యే పని. ఇంకో రెండేళ్ళు పోతే సగంమంది వేరే కంపెనీల్లో ఉంటారు, మీరు కూడా ఉండకపోవచ్చు. అప్పుడు ఎవరు రాశారో చెప్పేవాళ్ళే ఉండరు.